తెల్ల చొక్కా కాలరు, బోరు నీళ్ళు, ఎవోబెంజోన్: మూడు ట్యూబులు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఫలానా కంపెనీ సన్‌స్క్రీన్ ట్యూబు కొనండి, ఫలానాది కొనకండి అని చెప్పే రివ్యూ కాదు ఇది. పేరు రాయకపోవడానికి భయమేమీ లేదు, లాయర్‌ని కదా, నోటీసులు చూసి చూసి అలవాటైపోయింది. జరిగినదాంట్లో కంపెనీ తప్పు పెద్దగా లేదు, అందుకని రాయడం లేదు. నేను చెప్పబోయేది ట్యూబు లోపల ఉన్న ఒక రసాయనం సంగతి. దాని పేరు ఎవోబెంజోన్. మీ ఇంట్లో సన్‌స్క్రీన్ ఉంటే వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న జాబితా చదవండి. అక్కడ ఎవోబెంజోన్ అని ఉండొచ్చు, లేదంటే బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్ అని నోరు తిరగని పేరు ఉండొచ్చు. రెండూ ఒకటే. మూడు ట్యూబులు వాడి, నాలుగు చొక్కాలు పాడుచేసుకుని, మా ఇస్త్రీ బండి అన్నతో అనవసరంగా గొడవ పెట్టుకున్నాక రాస్తున్నాను.

మా ఇల్లు రామంతాపూర్. కోర్టు ఎల్బీనగర్‌లో, రంగారెడ్డి జిల్లా కోర్టు. ఉప్పల్ చౌరస్తా, నాగోల్ మీదుగా స్కూటీ మీద వెళ్తాను. మార్చి వచ్చిందంటే పొద్దున తొమ్మిదిన్నరకే ఉప్పల్ సిగ్నల్ దగ్గర రోడ్డు మీంచి సెగ మొహానికి తన్నుతుంటుంది, మెట్రో పిల్లర్ నీడ ఎక్కడ రెండడుగులు దొరికితే అక్కడ దూరడానికి బండ్లన్నీ పోటీ. మెట్రోలో పోవచ్చు కదా అంటారు. నాగోల్ నుంచి ఎల్బీనగర్‌కి నేరుగా లైను లేదు, అమీర్‌పేట దాకా పోయి మారి రావాలి, అంటే ఊరంతా చుట్టి పక్క వీధికి వచ్చినట్టు. కాబట్టి స్కూటీ, హెల్మెట్, మోచేతుల దాకా గ్లౌజులు, మూతికి చున్నీ. ఇంత చుట్టుకున్నా రెండేళ్ళ కింద చెంపల మీద మంగు మొదలైంది. అమ్మేమో ఎండన పడి తిరిగితే రాదా మరి అంటుంది, అత్తమ్మేమో రక్తం తక్కువైంది, బీట్‌రూట్ తిను అంటుంది. చివరికి హబ్సిగూడలో స్కిన్ డాక్టర్ దగ్గరికి పోతే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. రాత్రి రాసుకునే క్రీము ఎంత మంచిదైనా పగలు సన్‌స్క్రీన్ లేకపోతే ఆ డబ్బులు మూసీలో పోసినట్టే అని.

నేను మొదట కొన్నది జింక్ ఆక్సైడ్ ఉన్నది. అది చర్మం మీద పొరలా కూర్చుని పనిచేసే రకం, గాఢమైన రసాయనాలు పడనివాళ్ళకి డాక్టర్లు చెప్పేది అదే. నాది చామనఛాయ. అది రాసుకుని అద్దంలో చూసుకుంటే సంక్రాంతికి కొత్తగా సున్నం వేసిన గోడలా ఉన్నాను. సరే, కాసేపటికి సర్దుకుంటుందిలే అని వెళ్తే కోర్టు హాలు బయట మా గుమాస్తా దగ్గరికొచ్చి, మేడం, ఒంట్లో బాగాలేదా, వాయిదా అడుగుదామా అన్నాడు. ఆ ట్యూబు అక్కడితో ఆగింది. ఇప్పుడు మా ఆయన క్రికెట్‌కి పోయేటప్పుడు ముక్కుకి రాసుకుంటున్నాడు, ఆయనకి ఆ తెలుపు స్టైలుగా ఉందట.

తర్వాత డాక్టర్ జెల్ రకం రాసింది, ఎస్‌పీఎఫ్ 50, పీఏ పక్కన నాలుగు ప్లస్సులు, 50 గ్రాములు 520 రూపాయలు. ఇందులోదే ఎవోబెంజోన్. రాసుకుంటే నిజంగా ఏమీ రాసుకోనట్టే ఉంది. తెలుపు లేదు, జిడ్డు కొంచెం ఉంది కానీ పది నిమిషాల్లో తగ్గుతుంది, వాసన దాదాపు లేదు. వేలితో తీసినప్పుడు లేత పసుపు రంగు కనిపిస్తుంది, మొహం మీద మాత్రం తెలియదు. ఒకే ఒక్క బాధ, హెల్మెట్ లోపల నుదుటి మీద చెమట పట్టి కంట్లోకి దిగిందా, నాగోల్ బ్రిడ్జి మీద ఒంటికన్నుతో బండి నడపాలి. మండుతుంది, మామూలుగా కాదు. నుదుటి మీద కనుబొమ్మలకి వేలెడు పైదాకా మాత్రమే రాసి, దాని కిందభాగం హెల్మెట్ అద్దానికి వదిలేయడం నేర్చుకున్నాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

ఇంతకీ ఇది చేసే పనేంటో చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పబోయే మరక గోల అర్థం కాదు. ఎండలో మనకి కనపడని అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ, రెండు రకాలు మన చర్మం దాకా వస్తాయి. యూవీబీ అనేది తరంగం పొడుగు సుమారు 290 నుంచి 320 నానోమీటర్ల మధ్యది, చర్మాన్ని కాల్చి ఎర్రగా చేసేది ఎక్కువగా ఇదే. యూవీఏ 320 నుంచి 400 వరకు, ఇది లోతుకి పోయి నలుపునీ ముడతల్నీ తెస్తుంది, పైగా మామూలు కిటికీ అద్దంలోంచి చాలావరకు దూరి వస్తుంది. యూవీబీని అద్దం ఆపుతుంది, దీన్ని ఆపదు. అందుకే రోజంతా ఆఫీసులో కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు నేను ఎండలో తిరగనుగా అంటే కుదరదు. ట్యూబు మీద పెద్దగా వేసే ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా ఆ కాల్చే రకానికి సంబంధించింది. 30 అయితే దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం, ఆ ఒక్క శాతానికి ఎంత ఎక్కువ డబ్బు పెడుతున్నారో మీరే లెక్క చూసుకోండి. యూవీఏ సంగతి తెలియాలంటే చూడాల్సింది పీఏ ప్లస్సులు. అది జపాన్‌వాళ్ళ పద్ధతి, నాలుగు ప్లస్సులు ఉంటే వాళ్ళ కొలతలో 16 కానీ అంతకన్నా ఎక్కువ కానీ వచ్చిందని. మంగు ఉన్న నాలాంటివాళ్ళకి ఎస్‌పీఎఫ్ కన్నా ఆ ప్లస్సులే ముఖ్యం.

ఎవోబెంజోన్ పట్టుకునేది ఆ యూవీఏనే. 357 నానోమీటర్ల దగ్గర దాని పట్టు అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది, అంటే యూవీఏకి సరిగ్గా నడిబొడ్డున. కిరణాన్ని మింగి, కొద్దిపాటి వేడిగా మార్చి వదిలేస్తుంది. 1973లో పేటెంట్ తీసుకున్న పాత సరుకే ఇది, అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1988లో అనుమతి ఇచ్చింది. పార్సోల్ 1789 అన్నా ఇదే. కొత్తది కాదు, ఫ్యాషన్‌ది కాదు, ధర తక్కువ, పని గట్టిది, అందుకే ఇన్నేళ్ళయినా ట్యూబుల్లో కనిపిస్తూనే ఉంది. ఇక నా మొహం సంగతి అంటారా, ఆర్నెల్లకి మంగు పూర్తిగా పోలేదు కానీ కుడి చెంప మీది మచ్చ అంచులు కరిగాయి, కొత్తవి రాలేదు. రాత్రి క్రీము వాటా ఎంతో దీని వాటా ఎంతో విడదీసి చెప్పలేను, అయినా మొహం విషయంలో దీనికి వంక పెట్టను.

వంకంతా చొక్కా దగ్గర వచ్చింది.

మాకు తెల్ల చొక్కా, దానిపైన నల్లకోటు, మెడకి తెల్ల బ్యాండు. చలికాలమంతా కోటు ఉంటుంది కాబట్టి కాలరు లోపలివైపు ఎవరికీ కనపడదు, నాకూ కనపడలేదు. ఎండాకాలం వచ్చాక కింది కోర్టుల్లో కోటు తప్పనిసరి కాదు, బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది, హైకోర్టుకి సుప్రీంకోర్టుకి ఆ వెసులుబాటు లేదు. మార్చిలో కోటు తీసేసి బార్ రూములో కూర్చుంటే పక్కనున్న సీనియర్ మేడం నా మెడ వెనక చూసి, తుప్పు పట్టిన హ్యాంగరుకి తగిలించావా అమ్మా అంది. ఇంటికొచ్చి చూస్తే కాలరు మడత పొడుగునా నారింజ రంగు గీత, సరిగ్గా తుప్పు మరకలా. ఒక చొక్కాకి కాదు, ఉన్న ఏడింట్లో నాలుగింటికి. కఫ్‌ల దగ్గర కూడా లేతగా ఉంది.

నా మొదటి అనుమానం ఇస్త్రీ అన్న మీద. మా సందు మొదట్లో బండి పెట్టుకుని పదేళ్ళ నుంచి చేస్తున్నాడు, బొగ్గుల పెట్టె, అడుగు కొంచెం తుప్పు. వెళ్ళి అడిగాను. అడిగాను అంటే, క్రాస్ ఎగ్జామినేషన్ చేశాను. ఆయన ఒక్క మాట అన్నాడు, మేడం, నా పెట్టె తుప్పు అయితే చొక్కా అంతా అంటాలి, కాలరుకే ఎందుకంటుతుంది అని. నాకు జవాబు లేదు, అయినా లాయర్‌ని కదా, ఒప్పుకోకుండా ఆ నెల డబ్బుల్లో 200 పట్టుకున్నాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగానే ఉంది.

రెండో అనుమానం వాషింగ్ మెషీన్ మీద. మెకానిక్ వచ్చి డ్రమ్ము చూసి, స్టీల్‌ది మేడం, తుప్పు లేదు అని 350 తీసుకుని పోయాడు. మూడోది అత్తమ్మ చెప్పింది, శుక్రవారం పసుపు రాసుకుంటావు కదా, ఆ పసుపే సబ్బు తగిలి ఎర్రబడింది అని. ఇందులో సగం నిజం ఉంది. పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రగా తిరగడం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. కానీ పసుపు మరకని తడిగా ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది, ఇదేమో డాబా మీద వారం ఆరేసినా చెక్కు చెదరలేదు. అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని, బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టడం. తీసి చూస్తే గీత ఇంకా ముదిరింది. లేత నారింజ కాస్తా ఇటుక రంగులోకి వచ్చింది. రెండు చొక్కాలు అలా పోయాయి, వాటిని ఇప్పుడు బండి తుడవడానికి వాడుతున్నాం.

విషయం తేల్చింది మా వదిన. అన్నయ్య భార్య, డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఉగాదికి వాళ్ళింటికి పోయినప్పుడు పచ్చడి తింటూ ఈ గోడు చెప్పుకుంటే, మెడకి ఏం రాస్తావు నువ్వు అని అడిగింది. సన్‌స్క్రీన్ వదినా అన్నాను. లేబుల్ చూపించు అంది. బ్యాగులోంచి తీసి ఇస్తే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివి, మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళా అని అడిగింది. అవును, వంటకి మాత్రం ట్యాప్ నీళ్ళు, బట్టలకి బోరు. పైపులు? పాతవి, జీఐ పైపులు, అంటే జింకు పూత ఉన్న ఇనుపవి, ఇరవై ఏళ్ళ కింద వేసినవి. ఇంకేం, దొరికాడు దొంగ అంది.

వదిన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఎవోబెంజోన్ అణువులో నడిమధ్య రెండు చేతుల్లాంటి అమరిక ఉంటుంది, డైకీటోన్ అంటారట, అది ఇనుము కనపడితే వదలదు. రెండు చేతులా పట్టేసుకుంటుంది, పట్టుకున్నాక ఆ జంటకి ఎరుపు నారింజ రంగు వస్తుంది. మెడ మీద రాసుకున్నది నూనెలో కరిగే సరుకు కాబట్టి చెమటతో కలిసి కాలరులోకి ఇంకుతుంది. అప్పటికి మరక ఉండదు, మహా అయితే లేత పసుపు. చొక్కాని ఇనుము ఉన్న నీళ్ళలో ఉతికినప్పుడు పుడుతుంది మరక. అంటే మాసిన చొక్కా తెల్లగా ఉంటుంది, ఉతికిన చొక్కాకి మరక ఉంటుంది. నేను ఇన్నాళ్ళూ తలకిందులుగా వెతుకుతున్నాను. తర్వాత ఇంకో మాట చెప్పింది, అది నాకు భలే నచ్చింది. పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్ కూడా అదే డైకీటోన్ కుటుంబమట, అది కూడా ఇనుమునీ పట్టుకుంటుంది, ఎండకీ విరుగుతుంది. మీ అత్తమ్మ చెప్పినదాంట్లో దొంగ తప్పు కానీ ఇంటిపేరు కరెక్టే అంది వదిన. ఈ మాట అత్తమ్మకి చెబితే ఆవిడకి ఆ మొదటి సగం వినపడలేదు, నేను ముందే చెప్పానుగా అని ఇప్పటికీ అందరికీ చెబుతోంది.

విన్నంత మాత్రాన నమ్మే వృత్తి కాదు మాది. మా ఆయన పాత తెల్ల బనియను ఒకటి తీసి నాలుగు ముక్కలు కత్తిరించాను. ఎగ్జిబిట్ ఎ-1కి సన్‌స్క్రీన్ దట్టంగా రాసి, గంట ఆగి, బోరు నీళ్ళలో సర్ఫుతో ఉతికాను. ఎ-2కి సన్‌స్క్రీనే, కానీ ఉతికింది ఆర్వో నీళ్ళలో. ఎ-3కి ఏమీ రాయలేదు, బోరు నీళ్ళు. ఎ-4కి పసుపు, బోరు నీళ్ళు. రెండేసి సార్లు ఉతికి బాల్కనీలో వరసగా ఆరేశాను, కింద చిట్టీలు పిన్ను చేసి, పనమ్మాయి వాటిని పారేయకుండా కాపలా కాసి. ఎ-1 రెండో ఉతుకుకి నారింజ పట్టింది, అచ్చం నా కాలరు. ఎ-2 కాస్త పసుపు ఛాయ, పట్టి చూస్తే తప్ప తెలియదు. ఎ-3 తెల్లగానే ఉంది, అంటే నీళ్ళొక్కటే దోషి కాదు. ఎ-4 సబ్బుకి ఎర్రబడి, ఆరాక పసుపై, మూడో రోజుకి వెలిసింది. ఒక్క బనియనుతో నాలుగు కేసులూ తేలిపోయాయి, అసలు కోర్టులో ఇలా తేలితే మా పొట్ట గడవదు.

హైదరాబాద్‌లో ఈ సమస్య ఎందుకు వస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు మూడూ నగరానికి వస్తాయి, అయినా బట్టలకీ బాత్‌రూములకీ చాలా అపార్ట్‌మెంట్లు బోరుని, ఎండాకాలమైతే ట్యాంకరుని నమ్ముకుని ఉంటాయి. కుళాయి మూతి చుట్టూ తెల్లగా గడ్డకట్టే ఉప్పుని చూసి నీళ్ళు గట్టివని తెలుసుకుంటాం కానీ ఇనుము అలా కళ్ళకి కనపడదు. మా ఇంట్లో ఆ పాత పైపుల్ది కూడా చెయ్యి ఉందని నా అనుమానం, ఎందుకంటే ఊరెళ్ళి వారం తర్వాత వచ్చి కుళాయి తిప్పితే మొదటి మగ్గు నీళ్ళు టీ డికాషన్‌లా వస్తాయి.

మరక పోగొట్టడం ఎలాగో ఇప్పుడు చెబుతాను, ఇది చదవడానికే చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఉంటారు. బ్లీచింగ్ వద్దు, ఏ రూపంలోనూ వద్దు. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కాలరుకి పట్టించి రుద్దాలి, అది నూనె భాగాన్ని లాగుతుంది. తర్వాత నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో దొరుకుతుంది, ఒక చెంచాడు తీసుకుని గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, కాలరుని అందులో అరగంట ముంచాలి. పులుపు ఇనుముని తనవైపు లాక్కుంటుంది, ఆ చేతులు విడిపోతాయి. నిమ్మకాయ చెక్కా ఉప్పూ వేసి రుద్దినా పనిచేస్తుంది కానీ మరీ ముదిరిన మరకకి నిమ్మ ఉప్పే మేలు. చివర ఒకసారి ఆర్వో నీళ్ళలోనో ట్యాప్ నీళ్ళలోనో జాడించాలి, మళ్ళీ బోరు నీళ్ళలో జాడిస్తే కథ మొదటికొస్తుంది. నాలుగు చొక్కాల్లో బ్లీచింగ్ తగలని రెండూ ఇలా బతికాయి, ఒకదానికి మూడుసార్లు చేయాల్సొచ్చింది. రంగు బట్టలకి ముందు లోపలి అంచు మీద చూసుకోండి.

రెండో ఫిర్యాదు కూడా ఉంది, ఇది అందరికీ వర్తిస్తుంది, తెల్ల చొక్కా వేసుకున్నా వేసుకోకపోయినా. ఎవోబెంజోన్ ఎండని ఆపుతుంది కానీ ఆ ఎండకే అది కూడా విరుగుతుంది. ఒంటరిగా వదిలేస్తే దాని పని గంటల్లోనే సన్నగిల్లుతుంది. అందుకని పక్కన కాపలాకి ఇంకోదాన్ని పెడతారు, నా ట్యూబులో ఆక్టోక్రిలీన్ ఉంది, కొన్నిట్లో బెమోట్రిజినాల్ ఉంటుంది, ఇది ఇంకా మంచిది, టినోసార్బ్ ఎస్ అనే పేరుతో కూడా కనిపిస్తుంది. లేబుల్ మీద ఎవోబెంజోన్ ఉండి, దాంతోపాటు యూవీబీని ఆపే ఆక్టినోక్సేట్ మాత్రమే ఉండి, ఈ కాపలావాళ్ళు ఎవరూ లేకపోతే నేనైతే కొనను, ఆక్టినోక్సేట్ పక్కన ఉంటే ఎవోబెంజోన్ ఇంకా తొందరగా పాడవుతుంది, తను పోతూ ఆక్టినోక్సేట్‌నీ తీసుకుపోతుంది. ట్యూబుని స్కూటీ డిక్కీలో పెట్టే అలవాటు ఉంటే మానేయండి. మే నెలలో ఆ డిక్కీలో కోడిగుడ్డు ఉడుకుతుంది. పాతబడిన ఆక్టోక్రిలీన్‌లో బెంజోఫినోన్ అనే అక్కర్లేని సరుకు పెరుగుతుందని 2021లో పరిశోధకులు చూపించారు కూడా, కాబట్టి డేట్ అయిపోయిన ట్యూబుని పిండి పిండి వాడే పొదుపు ఇక్కడ వద్దు.

మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది, సన్‌స్క్రీన్ రక్తంలోకి పోతుంది, వాడితే ఇక అంతే అని. టెన్షన్‌గా పెద్దమ్మ ఫోన్ చేసింది. అందులో ఉన్న నిజం ఇది. 2019లో ఎఫ్‌డీఏ వాళ్ళు 24 మందికి, ఒంట్లో ముప్పాతిక భాగానికి, రోజుకి నాలుగుసార్ల చొప్పున నాలుగు రోజులు రాసి చూశారు, ఎవోబెంజోన్‌తో సహా కొన్ని రసాయనాలు రక్తంలో మిల్లీలీటరుకి 0.5 నానోగ్రాముల గీత దాటాయి. ఆ గీత దాటితే హాని అని కాదు, ఇంకా పరీక్షలు చేయాలి అని. సన్‌స్క్రీన్ మానేయమని వాళ్ళే అనలేదు. మొహానికీ మెడకీ రాసుకునే నాకు దీనికన్నా కంట్లో మంటే పెద్ద సమస్య. పగడపు దిబ్బలు చచ్చిపోతాయనే ఇంకో ఫార్వర్డ్ కూడా ఉంది, హవాయిలో 2021 నుంచి అమ్మకం ఆపేసింది ఆక్సీబెంజోన్‌నీ ఆక్టినోక్సేట్‌నీ, ఎవోబెంజోన్‌ని కాదు. అదీగాక మన హుస్సేన్‌సాగర్‌లో ఇప్పుడు కొత్తగా చావడానికి పగడాలేం లేవు.

ఎంత రాసుకోవాలి అనేదాంట్లో దాదాపు అందరం మోసపోతున్నాం. ల్యాబులో ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాస్తారు. మొహానికీ మెడకీ ఆ లెక్కన చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండుకోవాలి, సుమారు ఒక గ్రాము. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం బయటికి పోయే ముందు ఒకసారి రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల తిరగదు. నా మొదటి జెల్ ట్యూబు మూడు నెలలు వచ్చింది, ఎంత ఆదా చేశానో అని మురిసిపోయాను, చేసింది ఆదా కాదు, శనగగింజంత రాసుకుని ఎస్‌పీఎఫ్ 50కి డబ్బులు కట్టి పదో పదిహేనో వాడుకున్నాను. ఇప్పుడు నెలకి 520 అవుతోంది, జూనియర్ లాయర్లకి ఇది చిన్న మొత్తం కాదు. మొహానికి ఇది పెట్టి, చేతులకి నిండు చేతుల గ్లౌజులే వాడమని మా జూనియర్‌కి చెప్పాను.

మన ఎండకి ఇది అవసరమా అనేవాళ్ళకి ఒక్క సంగతి. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలో, ఆగస్టు 3 ప్రాంతంలో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ పడదు. మేలో మా సివిల్ కోర్టులకి వేసవి సెలవులు కాబట్టి తప్పించుకుంటాం, ఆగస్టు మాత్రం మబ్బులు చూసి మోసపోయే నెల. చల్లగా ఉంది కదా అని నేను మెడకి రాయడం మానేసిన వారంలోనే మెడ మీద గొలుసు గీత తేలింది.

ఇప్పుడు నేను చేస్తున్నది ఏమిటంటే, కోర్టు రోజుల్లో మెడకి వేరే ట్యూబు, అందులో యూవీఏకి ఎవోబెంజోన్ బదులు యూవినుల్ ఎ ప్లస్, బెమోట్రిజినాల్ ఉన్నాయి. 50 గ్రాములు 690. ఇది ఎండకి విరగదు. అదే బోరు నీళ్ళలో నాలుగు నెలలుగా ఉతుకుతున్నా నా కాలరుకి నారింజ గీత రాలేదు, దీనికీ లేత పసుపు ఉంది కానీ సబ్బుకి పోతోంది. మొహానికి మాత్రం పాత ట్యూబే, కాలరు దాకా రాదు కదా. మంగు ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఇంకో మాట, ఈ రెండు ట్యూబులూ మామూలు వెలుతురుని ఆపవు, మంగుకి అది కూడా పడదు, దానికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ డాక్టర్‌ని అడిగి తీసుకోవాలి. అది కాలరుకి మేకప్ మరకలా అంటుతుంది, అది వేరే తలనొప్పి.

మార్కులు వేయాలంటే, ఎవోబెంజోన్ జెల్‌కి మొహం మీద అయిదుకి నాలుగు, కంట్లో మంటకి ఒకటి కోత. తెల్ల చొక్కా, బోరు నీళ్ళు రెండూ ఉన్న ఇంట్లో మెడ మీద అయిదుకి ఒకటి. నర్సులు, స్కూలు యూనిఫారం పిల్లల తల్లులు, మా నల్లకోటువాళ్ళు ఇది చూసి కొనండి. లేబుల్ మీద ఉతికేటప్పుడు మరక పడొచ్చు అని చిన్న లైను ఒకటి వేస్తే కంపెనీలకి పోయేదేం లేదు, నా ట్యూబు మీద ఆ మాట భూతద్దం పెట్టినా లేదు.

ఇస్త్రీ అన్నకి ఆ 200 తిరిగి ఇచ్చేశాను, బనియను ముక్కలు కూడా చూపించాను. ఆయన ఎ-1ని ఎండకి ఎత్తి పట్టుకుని చూసి, ఏమీ అనకుండా బండి కింది మూటల్లోంచి మూడు తెల్ల చొక్కాలు బయటికి లాగాడు. ఒకటి బ్యాంకు సార్‌ది, ఒకటి పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే నర్సమ్మది, ఇంకోటి ఎవరిదో. మూడింటికీ కాలరు మడతలో అదే నారింజ గీత. మేడం, వీళ్ళకి మీరే వచ్చి చెప్పండి, నేను చెబితే నా పెట్టె మీదికే వస్తారు అన్నాడు. ఆదివారం పొద్దున వస్తానన్నాను, నిమ్మ ఉప్పు పొట్లం తీసుకుని.